నీలం కుకీల ఊసెత్తకూడదు

పెర్సీ జాక్సన్ చదివినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేసి తీరతారు: అందులో బాగా నచ్చిన సీను ఏది? వినడానికి పిల్లల ప్రశ్నే. కానీ జవాబు చెప్పినవాడి చదువూ సంస్కారమూ అక్కడే తూకానికి వస్తాయి. రిక్ రయార్డన్ 2005లో వెలువరించిన ‘ద లైట్నింగ్ థీఫ్’ నవల్లో సీన్లకు కొదవలేదు. తొందరపడి మనసులో ఉన్నది బయటపెట్టి పరువు పోగొట్టుకునేవాళ్లకూ కొదవలేదు. అటువంటివారి మేలు కోరి కొన్ని జాగ్రత్తలు.

ముందుగా, సీను పెద్దదై ఉండాలి. పెద్దదంటే వాన, ఉరుము, రక్తం మూడూ ఉన్నది. ఆ లెక్కన మినోటార్ పోరాటం దివ్యంగా సరిపోతుంది. లాంగ్ ఐలాండ్‌లో ఒక గుట్ట, హోరున వర్షం, ఎద్దు తలకాయ రాక్షసుడు, ఎదురుగా పన్నెండేళ్ల కుర్రాడు పెర్సీ. వాడు ఆ రాక్షసుడి కొమ్ము విరిచి, దానితోనే పొడిచి చంపుతాడు. చెబుతుంటే ఎంత హుందాగా ఉంటుందో! ఒక్క సంగతి మాత్రం దాటేయాలి: ఆ రాక్షసుడి ఒంటిమీద తెల్లటి డ్రాయరు తప్ప నూలుపోగు లేదు. అంత భీకరమైన చోట రచయిత ఆ బట్ట ఎందుకు తొడిగాడో ఆయనకే తెలియాలి. మహిషాసురుడికి ఏ కవీ ఈ గతి పట్టించలేదు.

దేవతల పిల్లలుండే క్యాంపులోని బాత్రూం సీను నచ్చినా నచ్చలేదనే చెప్పాలి. యుద్ధదేవుడు ఏరీస్ కూతురు క్లారిస్, కొత్తగా వచ్చిన పెర్సీ తలను టాయిలెట్‌లో ముంచబోతుంది; గొట్టాల్లోని నీళ్లన్నీ ఎగదన్ని ఆమె మీదే విరుచుకుపడతాయి. సముద్రదేవుడు పొసైడన్ కొడుకు ప్రతాపం క్యాంపులో మొదట తెలిసింది మరుగుదొడ్డిలోనని ఎవరితో చెప్పుకుంటారు? జెండా ఎత్తుకెళ్లే ఆట తర్వాత వాడి తలమీద త్రిశూలం వెలిగిన ఘట్టం ఉంది. దాన్ని పట్టుకోవాలి.

పుస్తకం చదివే తీరిక లేనివాళ్లకు 2010 నాటి సినిమా ఉంది. నాష్‌విల్లోని పార్థెనాన్ నమూనా భవనంలో అనేక తలల హైడ్రాతో పోరాటాన్ని మెచ్చుకుంటే చాలు. అది ఈ పుస్తకంలో లేదు. పుస్తకంలో ఉన్న ఏరీస్‌తో శాంటా మోనికా బీచ్ కత్తియుద్ధం సినిమాలో లేదు. కాబట్టి వాదన తెల్లవార్లూ సాగుతుంది, ఎవరూ ఓడరు.

లోటస్ కేసినో దగ్గరికొస్తే హోమర్ పేరు తప్పక వాడాలి. ‘ఒడిస్సీ’లో తామరలు తిని ఇంటి ధ్యాస మరిచిన నావికులే ఇక్కడ లాస్ వేగాస్ హోటల్లో వీడియో గేమ్‌లు ఆడుతున్నారని గంభీరంగా విప్పిచెప్పాలి. కొన్ని గంటలే గడిచాయనుకుని బయటికొస్తే అయిదు రోజులు గడిచిపోయి ఉంటాయి. లోపల ఒక కుర్రాడైతే ఇంకా 1977లోనే ఉన్నాననుకుంటాడు. మొదటి ఐఫోన్‌కు రెండేళ్ల ముందు అచ్చయిన సీను ఇది. ‘ఒక్క రీలు చూసి పడుకుందాం’ అనుకున్న రాత్రి రెండున్నర ఎలా అయిందో మాత్రం ఆ చర్చలోకి లాగకూడదు.

అసలు పరీక్ష పాతాళంలో ఉంది. గుమ్మం దగ్గర సెర్బెరస్, మూడు తలల కాపలా కుక్క. (మన యముడికి శ్యామ, శబల అని రెండు కుక్కలు, ఒక్కోదానికి నాలుగేసి కళ్లు. లెక్కలో తేడాగానీ ఉద్యోగం ఒకటే.) చచ్చినవాళ్లు అక్కడ వరసల్లో నిలబడి ఉంటారు. విచారణ, తీర్పు అక్కర్లేదనుకునేవాళ్లకు వేరే క్యూ. శీఘ్రదర్శనంలాగా చకచకా కదులుతుంది. పెర్సీ ఒక మంచం కోడు ముక్క విసిరి కుక్కను ఏమార్చాలని చూస్తాడు. ఆ ముక్క పోయి స్టిక్స్ నదిలో పడుతుంది. మూడింట్లో ఒక్క తలకూ అది పట్టదు. అప్పుడు పెర్సీకి తోడు వచ్చిన అనబెత్ తన సంచిలోంచి ఎర్ర రబ్బరు బంతి తీస్తుంది, డెన్వర్‌లోని పాడుబడ్డ వాటర్ పార్కులో దొరికింది. బంతి పైకెత్తి, కూర్చో అంటుంది. అంత కుక్కా చతికిలబడుతుంది, శీఘ్రపు క్యూలో పోతున్న ఓ డజను ఆత్మల మీద. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఇంట్లో డోబర్‌మన్ ఉండేదట, ఆ అలవాటు. వెళ్లబోతుంటే బంతి తెచ్చిన ఈ పిల్ల మళ్లీ వస్తుందా అన్నట్టు అది కుయ్యిమంటుంది. ఇంకో బంతి తెస్తానని అనబెత్ మాటిస్తుంది.

ఇక్కడ హెర్క్యులీస్ అదే కుక్కను ఆయుధం లేకుండా లొంగదీసిన కథ చెప్పి గట్టెక్కాలి. కుయ్యిమన్న చోట పేజీ తిప్పడానికి కాస్త ఆలస్యమైందని ఒప్పుకోకూడదు.

యమలోకపు సిబ్బంది గొడవ కూడా రాకుండా చూసుకోవాలి. ఆత్మలను పడవ దాటించే కేరన్ లాస్ ఏంజిలిస్‌లోని రికార్డింగ్ స్టూడియో ముందు గదిలో ఇటాలియన్ సూటులో కూర్చుని జీతం పెంచలేదని వాపోతాడు. తీరా పాతాళ ప్రభువు హేడీస్ ముందుకు వెళితే ఆయనా అదే పాట: జనాభా పెరిగింది, ట్రాఫిక్ పెరిగింది, ఓవర్‌టైమ్ లెక్కలు పెరిగాయి, పైగా ఆ కేరన్ జీతం. డిస్లెక్సియా ఉన్న పెర్సీ ఆ కేరన్ పేరు పట్టీని తన గురువు కైరన్ పేరుగా చదువుతాడు. ఈ డిస్లెక్సియా చమత్కారం కోసం కల్పించింది కాదు. శాన్ ఆంటోనియోలో బడి పంతులుగా ఉన్న రోజుల్లో రయార్డన్ తన కొడుక్కి రాత్రిపూట గ్రీకు కథలు చెప్పేవాడు. ఆ అబ్బాయికీ చదవడంలో అదే ఇబ్బంది. కథలు అయిపోతే కొత్తది కల్పించమన్నాడు, పెర్సీ పుట్టాడు. అక్షరాలు కుదురుగా నిలవకపోవడానికి కారణం ఆ మెదడు ప్రాచీన గ్రీకు కోసం తయారవడమేనని నవల చెబుతుంది. ఒక తండ్రి ఇంతకంటే అందమైన అబద్ధం ఆడగలడా అనిపిస్తే, అది అనిపించడం వరకే ఉంచుకోవాలి.

చివరగా, అన్నిటికంటే ప్రమాదకరమైనది. పెర్సీ మారుతండ్రి గేబ్ ఒకసారి నీలం రంగు తిండి అంటూ ఏదీ ఉండదన్నాడు. ఆనాటినుంచి తల్లి శాలీ నీలం కేకులు, నీలం కుకీలు చేస్తుంది. మిఠాయి దుకాణంలో పని ముగించుకుని నీలం జెల్లీ బీన్స్ తెస్తుంది. మినోటార్ చేతిలో ఆమె బంగారు వెలుగై మాయమైపోయాక, కుర్రాడు క్యాంపులో మొదటిసారి రాత్రి భోజనానికి కూర్చుంటాడు. అక్కడి గ్లాసు ఏ పానీయం అడిగితే అది ఇస్తుంది. వాడు చెర్రీ కోక్ అడుగుతాడు. ఒక్క క్షణం ఆగి, నీలంగా ఉండాలంటాడు.

ఈ సీను నచ్చిందని ఎక్కడా అనకూడదు. గొంతు సరిచేసుకుని, మినోటార్ అనాలి. ఎవరైనా డ్రాయరు సంగతి గుర్తుచేస్తే, ఆ పేజీ చదివినట్టు లేదనాలి.