మూలపురుషుడి గుర్రం

తెలుగువారి ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే. కందుకూరి, నండూరి, తాడేపల్లి, దేవులపల్లి, బమ్మెర: వీటిలో దేన్ని పలికినా వెనకాల ఒక గ్రామం పలుకుతుంది. ఊరి పేరు ఒక మనిషికి ఇంటిపేరుగా అతుక్కోవాలంటే షరతు ఒక్కటే. ఆ మనిషి ఆ ఊళ్లో ఉండకూడదు. కందుకూరులో నిలబడి "కందుకూరివారూ!" అని కేకేస్తే ఊరంతా వెనక్కి తిరుగుతుంది, కనుక అక్కడ ఆ పేరుతో పనిలేదు. పొట్ట చేతపట్టుకుని పొరుగు సీమకు పోయి, రచ్చబండ దగ్గర మూట దించుకున్నాక, అక్కడివాళ్లు ఒకరినొకరు "ఎవరీ కొత్తాయన?" అని అడిగితే, "కందుకూరు నుంచి వచ్చాడట" అన్న జవాబులోంచి పుట్టేది ఇంటిపేరు. దాన్ని పెట్టుకున్నది ఆ మనిషి కాదు, పెట్టింది పరాయి ఊరు.

ఊరు ఎందుకు విడిచాడన్నది ఇంటిపేరు చెప్పదు. కొందరు అగ్రహారం దొరికి పోయారు, కొందరు కొలువు దొరికి పోయారు. మిగిలినవారు శిస్తు కట్టలేక, చెరువు తెగి, పంట ఎండి పోయారు. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమ పల్లెలకు పల్లెలే ఖాళీ అయ్యాయి. 1876–78 నాటి ధాత కరువులో రాయలసీమ ఎముకల గూడైంది. ఇంటిపేర్లలో చాలావాటికి ఈ కరువులకంటే వయసు ఎక్కువే గానీ, రాత్రికి రాత్రి బండి కట్టుకోవడానికి గల కారణాలు ఏ శతాబ్దంలోనైనా ఇంచుమించు ఇవే.

ఈ మాత్రం సమాచారం చేతికందగానే వంశాన్వేషకుడు నేరుగా ఓరుగల్లు కోటకు చేరుకుంటాడు. దారిలో ఆధారాలు అడ్డం రావు. ఒకే ఇంటిపేరు గలవారి ఆత్మీయ సమ్మేళనాల్లో పంచే ప్రత్యేక సంచికలు తిరగేస్తే పద్ధతి తెలుస్తుంది. మొదటి పేజీలో మూలపురుషుడు ఉంటాడు. ఆయన గుర్రం మీద ఉంటాడు. చేతిలో కత్తి ఉంటుంది, మీసం ఉంటుంది, ముఖం మాత్రం సంఘాధ్యక్షుడి పోలికల్లో ఉంటుంది. రెండో పేజీలో ఆయన కాకతి ప్రతాపరుద్రుడి దగ్గరో, శ్రీకృష్ణదేవరాయల దగ్గరో సేనాపతి. మూడో పేజీలో రాజ్యం కూలిపోతుంది. నాలుగో పేజీలో 1950 నాటి రైసు మిల్లు. మధ్యలో నాలుగు వందలో, ఆరు వందలో ఏళ్లపాటు వంశీకులు ఏం తిన్నారో, ఎవరి పొలం దున్నారో సంచికకు అక్కర్లేదు.

కాకతీయ రాజ్యం 1323లో పడిపోయాక ఢిల్లీ సేనలను ఎదిరించిన నాయకులు 75 మంది అని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం చెబుతుంది. ఈ డెబ్భై అయిదుగురూ నేడు లక్షలాది కుటుంబాలకు మూలపురుషులు. వారి వెంట నడిచిన కాల్బలానికి, గుర్రాలకు గడ్డి కోసినవారికి, వంటకు కట్టెలు కొట్టినవారికి మాత్రం ఒక్క వారసుడూ దొరకడు. వాళ్లంతా బ్రహ్మచారులుగానే పోయి ఉండాలి.

ఊరి పేర్లు కాని ఇంటిపేర్ల విషయంలో ఈ శాస్త్రం మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది. పులి అన్న ఇంటిపేరుంటే పూర్వీకుడు వట్టి చేతులతో పులిని చంపాడు. మేకల అన్న ఇంటిపేరుంటే మేకలు కాశాడని ఎవరూ అనరు, అందులో ఏదో సంస్కృత పదం అపభ్రంశమై దాగి ఉంటుంది. చింతకాయల, గుమ్మడి, మిరియాల, ఉప్పు, గంజి ఇంటిపేర్లకూ ఇదే వైద్యం. అసలు అవమానం ఎందుకో తెలియదు. భారతంలో సింహభాగాన్ని తెలుగు చేసిన తిక్కన ఇంటిపేరు కొట్టరువు, అంటే ధాన్యపు కొట్టు. కవిబ్రహ్మకు గాదె పేరు నామోషీ కాలేదు.

పోతన విషయంలో ఇంటిపేరే సాక్షిగా కోర్టుకెక్కినంత పనైంది. ఆయన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా అన్న తగవులో ఓరుగల్లు పక్షం చూపే సాక్ష్యాల్లో జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామం ఒకటి. బమ్మెర విడిచినవారికే బమ్మెర పేరు వస్తుందన్న చిన్న చిక్కును ఏ పక్షమూ పెద్దగా పట్టించుకోలేదు. మహాకవి కనుక ఆ తగవుకు అర్థముంది. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లు గల ఊళ్లు జిల్లాకు ఎన్నో లెక్కపెట్టాలి. ఒక్కొక్క కొత్తపల్లి నుంచి రెడ్డి, కంసాలి, బ్రాహ్మణుడు, మాల, సాలె ఎవరికి వారు వేర్వేరు కాలాల్లో బయల్దేరి వేర్వేరు చోట్ల కొత్తపల్లివారయ్యారు. వారందరికీ ఒకే మూలపురుషుణ్ని చూపే సంచిక ఇంకా అచ్చు కాలేదు. సమ్మేళనానికి వచ్చే కొత్తపల్లివారు ఒకే కులంవారై ఉండాలన్న నియమం ఆహ్వానపత్రికలో రాయకపోయినా అందరికీ తెలుసు.

పూర్వీకులను ఎంచుకునే ఈ కళకు రాజులే ఆద్యులు. రాజరాజనరేంద్రుడు తాను చంద్రవంశపువాడినని, పాండవులు తన పూర్వీకులని నమ్మాడు, వారి కథ తెలుగులో వినాలని కోరాడు. ఫలితంగా నన్నయ భారతం పుట్టింది కాబట్టి ఆ నమ్మకాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. ఇప్పటి వంశవృక్షాల నుంచి పుట్టేది ఫ్లెక్సీ మాత్రమే. విజయనగరపు తుళువ రాజుల శాసనాలు వంశాన్ని చంద్రుడితో మొదలుపెట్టి, యయాతి కొడుకు తుర్వసుడి మీదుగా దించాయి. తుళువకూ తుర్వసుడికీ మధ్య వినికిడి పోలిక తప్ప వేరే రుజువు అడగరాదు. కాకతీయులు ఈ విషయంలో కాస్త వెనకబడ్డారు. కొన్ని శాసనాల్లో సూర్యవంశం చెప్పుకున్నా, చాలావాటిలో తమది నాలుగో వర్ణమని నిర్మొహమాటంగా చెక్కించారు. అంతటి రాజ్యం ఏలినవారికి ఆ ధైర్యం వచ్చింది గానీ, వారి సేనాపతి వారసులమనేవారికి రాలేదు.

పాత వంశావళుల్లో ఒకచోట నిజాయతీ లాంటిది తారసపడుతుంది. రేచర్ల గోత్రం పద్మనాయక ప్రభువులది. వెలుగోటివారి వంశావళి చెప్పే కథలో, ఈ వంశపు తొలి పురుషుడికి పొలంలో నిధి దొరుకుతుంది, దాన్ని కాచే భూతం నరబలి అడుగుతుంది. రేచడు అనే మాల సేవకుడు, తన పేరు ఆ వంశానికి గోత్రంగా నిలవాలన్న షరతు మీద ప్రాణమిస్తాడు. కథ కథే కావచ్చు. అయినా ఒక ప్రభువంశం తన గోత్రనామాన్ని పాలేరు నుంచి తెచ్చుకున్నానని ఒప్పుకున్న చోటు ఇది. ఇలాంటి పేజీ సమ్మేళన సంచికకు వస్తే స్థలాభావం వల్ల ఆగిపోతుంది.

వంశాలు చెప్పడం ఒకప్పుడు కొందరి కులవృత్తి. భట్రాజులు పొగిడేవారు. పిచ్చుకుంట్లవారు రైతు కులాల ఇళ్లకు వచ్చి గోత్రాలూ ఇంటిపేర్లూ ఏకరువు పెట్టేవారు. పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు కథ చెప్పేవారు. గడపకింత ధాన్యం పుచ్చుకుని, పుచ్చుకున్నంత మేరకు పొగిడేవారు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ లెక్క తెలిసిన వ్యవహారం అది. సర్వేయరు మెకంజీ దొర (1754–1821) తరఫున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు పోగుచేయించిన కైఫియ్యతుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో కూడా కరణాలు ఊరి పుట్టుక చెబుతూ పరీక్షిత్తు, జనమేజయుల దగ్గర మొదలుపెట్టడం మామూలే. నేడు ధాన్యం స్థానంలో చందా రసీదు వచ్చింది, పాడేవాడికి బదులు పీడీఎఫ్ వచ్చింది. పాట పోయి పొగడ్త మిగిలింది.

ఇక లెక్క. మనిషికి తల్లిదండ్రులు ఇద్దరు, అవ్వాతాతలు నలుగురు, ముత్తాతల తరంలో ఎనిమిది మంది. పది తరాలు వెనక్కి పోతే 1,024 మంది. ఇంటిపేరు వీరిలో ఒకే ఒక్కడి నుంచి వస్తుంది. తక్కిన 1,023 మంది రక్తం ఇచ్చారు గానీ సంచికలో చోటు సంపాదించలేకపోయారు. తరానికి పాతికేళ్లు వేసుకుని ప్రతాపరుద్రుడి కాలానికి, అంటే ఇరవై ఎనిమిది తరాలు వెనక్కి పోతే వంశవృక్షంలో గళ్ల సంఖ్య 26 కోట్ల 84 లక్షలు దాటుతుంది. అంతమంది తెలుగువాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. ఒకే మనిషి వందల గళ్లలో కూర్చుంటే తప్ప లెక్క కుదరదు. మేనరికాలు ఈ పనికి బాగా సాయపడ్డాయి: మేనత్త కొడుకును చేసుకున్న ఇంట్లో పిల్లలకు ముత్తాతల తరంలో ఎనిమిది మందికి బదులు ఆరుగురే ఉంటారు. ఈ లెక్క వల్ల సేనాపతి వారసత్వం అబద్ధమని తేలదు, అంతకంటే ఇబ్బందికరమైనది తేలుతుంది. ఆ సేనాపతి సంతానం నిలిచి ఉంటే, ఈపాటికి ఆయన సమ్మేళనానికి షామియానా వేసినవాడికీ, భోజనాలు వడ్డించినవాడికీ కూడా తాతే అయి ఉండవచ్చు.

సంచికలోని వంశవృక్షం మగవారి చెట్టు. ఆడపిల్ల పుట్టిన చోట కొమ్మ ఆగిపోతుంది. కోడలిగా వచ్చినామె బ్రాకెట్లో "భార్య" అయి కూర్చుంటుంది. ఆమె పెళ్లితో ఇంటిపేరు మార్చుకుంది కనుక ఆమె పేరు పట్టుకుని వెనక్కి నడిచేవాడు మామగారింటికి చేరతాడు. మగవారి కొమ్మ కూడా కనిపించినంత గట్టిది కాదు. కొడుకుల్లేని జమీందారు అక్క కొడుకునో, దాయాది బిడ్డనో దత్తత తెచ్చుకునేవాడు. పీట మీద కూర్చుని లేచేసరికి పిల్లవాడి ఇంటిపేరు, గోత్రం, తాతలు అందరూ మారిపోయేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని బలుసు వారి దావాలో, ఉన్న ఒక్క కొడుకును దత్తత ఇచ్చినా చెల్లుతుందని ప్రీవీ కౌన్సిల్ 1899లో తీర్పు చెప్పింది. వంశవృక్షానికి అంటుకట్టడం చట్టసమ్మతమే.

ఈ సందేహాలన్నిటికీ జన్యుపరీక్షకు పంపే ఉమ్మి సీసా పరిష్కారమని ఇటీవలి నమ్మకం. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే పోతుంది కనుక ఇంటిపేరుకు అది జీవశాస్త్రపు జోడీ అనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే గల 48 మంది మగవాళ్లను పరీక్షించి 2000లో ఫలితం ప్రకటించాడు. ఒకే వై క్రోమోజోమ్ రకం ఉన్నవారు సగానికి కాస్త తక్కువ. మిగతావారి సంగతి ఏమిటన్నది వారి ముత్తవ్వలకే తెలుసు. ఒక సీమలో పుట్టిన ఇంటిపేరుకే ఇంత తేడా వస్తే, నూరు ఊళ్లకున్న కొత్తపల్లి గతి ఊహించవచ్చు. ఇంకో చిత్రం: జన్యుపరీక్ష చేసే కంపెనీ తన నమూనాల పట్టీని సవరించినప్పుడల్లా ఏ దేశపు మూలం ఎంతన్న శాతాలు మారతాయి. చనిపోయి మూడు వందల ఏళ్లయిన తాత, శుక్రవారం దాకా ఒక దేశస్థుడై ఉండి శనివారం మరో దేశస్థుడవుతాడు.

ఇంటిపేరు నిజంగా గట్టిగా పనిచేసేది పెళ్లి సంబంధాల దగ్గర. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ల వరస, మాట ముందుకు సాగదు. మూడు వందల కిలోమీటర్ల అవతల, మరో కొత్తపల్లి నుంచి వచ్చిన కుర్రాడు అన్నయ్య. జన్యువుల్లో నాలుగో వంతు పంచుకున్న సొంత మేనమామ మాత్రం నిక్షేపమైన వరుడు. సగోత్ర వివాహాలు చెల్లుతాయని 1946లోనే చట్టం వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం తండ్రి వైపు అయిదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు చూడమంది, ఇంటిపేరు ఊసే ఎత్తలేదు. పెళ్లిళ్ల పేరయ్యకు ఈ కబురు ఇంకా అందలేదు.

గుడిలో అర్చకుడు గోత్రం అడిగినప్పుడు నీళ్లు నమిలేవారికి శాస్త్రం ఒక సౌకర్యం కల్పించింది: గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం. ఆ విధంగా "తెలీదండీ" అన్నవారందరూ ఏకోదరులై, ఏ సమ్మేళనమూ కూడగట్టలేనంత పెద్ద కుటుంబంగా అర్చన చేయించుకుని వెళుతున్నారు.

సముద్రం దాటాక ఈ విద్యకు కొత్త రంగం దొరికింది. 2024 జులైలో జె.డి. వాన్స్ అమెరికా ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థి కాగానే, ఆయన భార్య ఉషా చిలుకూరి మూలాల కోసం టీవీ బృందాలు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరుకు పరుగెత్తాయి. ఆమె పూర్వీకులది వడ్లూరు, ఇంటిపేరు చిలుకూరి. చిలుకూరు అన్న ఊరు సూర్యాపేట జిల్లాలో ఒకటుంది, హైదరాబాద్ పక్కన వీసాల బాలాజీ వెలసిన చిలుకూరు మరొకటి. అమెరికా సంబంధం కలపదలచినవారికి రెండోదే అనుకూలం.

అక్కడ స్థిరపడ్డవారి కాగితాల్లో మరో వంశం మొలకెత్తుతోంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినవారికి అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది, పేరు తెలియదని దాని భావం. లైసెన్సు మీద, జీతం చీటీ మీద, ఆస్పత్రి పట్టీ మీద అదే పేరు. కొన్ని ఇళ్లలో తండ్రి పేరే పిల్లల ఇంటిపేరైంది, అసలు ఇంటిపేరు మధ్యలో ఒక్క అక్షరంగా ముడుచుకుంది. ఎఫ్‌ఎన్‌యూ వారి ఆత్మీయ సమ్మేళనం ఇంకా ఏర్పాటు కాలేదు. మూలపురుషుడి ముఖం ఎవరి పోలికల్లో ఉండాలన్నది తేలలేదు గానీ, గుర్రం బొమ్మ మాత్రం సిద్ధంగా ఉంది.