చిన్న కారు కొనేవాళ్లకు పెద్దమనుషుల సలహాలు

కారు కొనాలన్న కోరిక పుట్టిన రోజే ఒక జాగ్రత్త తీసుకోండి. ఎందుకు కొంటున్నామన్న ప్రశ్నను గడప దాటి లోపలికి రానివ్వకండి. సూర్యాపేటలో ఉంటూ రోజూ కోదాడ బడికి పోయొచ్చే టీచరుకు కావలసిన బండి వేరు, మిర్యాలగూడలో రైస్ మిల్లుకూ ఇంటికీ మధ్య తిరిగే గుమాస్తాకు కావలసింది వేరు, ఏడాదికి నాలుగు పెళ్లిళ్లకూ ఒక మట్టపల్లి మొక్కుకూ తప్ప బయటికి తీయని ఇంటికి కావలసింది వేరు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం, ఎందరం ఎక్కుతాం, ఇంటి ముందు గల్లీ ఎంత వెడల్పు అని మూడు ముక్కలు కాగితం మీద రాసుకుంటే సగం కార్లు వాటంతటవే పక్కకు పోతాయి. ఇక చుట్టాలతో వాదించడానికి ఏం మిగులుతుంది?

సలహా అడగడానికి ఒక వరుస ఉంది. మొదట బావమరిది. ఆయనకు కారు లేకపోయినా ఫర్వాలేదు, అభిప్రాయం ఉంటుంది. తర్వాత డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకు. వీడియో కాల్‌లో తన ఏడు సీట్ల బండి పక్కన నిలబడి, “ఆ అగ్గిపెట్టెలో పెద్దమ్మనెట్ల కూసోబెడ్తవ్‌రా?” అంటాడు. ఆ ఒక్క మాటతో మీ బడ్జెట్ లక్షన్నర పెరుగుతుంది. పెరిగిన లక్షన్నర ఆయన పంపడు, అది వేరే సంగతి. రోజూ బండి నడపబోయేది మీ ఆవిడే అయితే ఆమెను రంగు మాత్రమే అడగండి. క్లచ్ మీదికి కాలు సరిగ్గా అందుతోందా, సీటు ఎత్తు చాలుతోందా, వెనక్కి తీసేటప్పుడు అద్దంలో ఏం కనిపిస్తోంది అని అడిగితే ఆమె షోరూమ్‌లోనే పది నిమిషాల్లో కారు తేల్చేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మను వెంట తీసుకుపోవడమూ తప్పే. వ్యాగనార్ లాంటి ఎత్తు బండిలో ఆమె వంగకుండా కూర్చుంటుంది, ఆల్టోలో పట్టుకోవడానికి చెయ్యి వెతుక్కుంటుంది. అంతటితో పోలిక అయిపోతుంది, మీరు చూడాల్సిన కార్ల వీడియోలు మిగిలిపోతాయి.

జనం ఏమనుకుంటారన్నదే అసలు కొలత. టాటా వాళ్లు 2008 జనవరిలో ఢిల్లీలో నానోను చూపించి, మరుసటి ఏడాది మార్కెట్లోకి తెచ్చారు. వెనక 624 సీసీ ఇంజను, లోపల నలుగురికి చోటు, ఇరుకు వీధిలో ఒక్క మలుపుకు తిరిగే బండి. లక్ష రూపాయల కారు అన్న పేరే దానికి శాపమైంది. చవక ముద్ర వేయడం పొరపాటని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. 2018 నాటికి దాని తయారీ ఆగిపోయింది. అప్పుడు మనం దాన్ని చూసి నవ్వాం, స్కూటీ మీద నలుగురం ఎక్కి మరీ నవ్వాం. ఆ ఒరవడి తప్పకండి.

ఇక మైలేజీ. కార్లు పోల్చేటప్పుడు వేరే ఏ అంకె వైపూ కన్నెత్తి చూడకండి. కొత్త ఆల్టో కె10కి కంపెనీ లెక్కలో లీటరుకు 24 కిలోమీటర్ల పైచిలుకు. ఆ లెక్క ప్రయోగశాలలో, రోలర్ల మీద, ఏసీ వేయకుండా వచ్చిందని గుర్తు చేసేవాళ్లతో స్నేహం వద్దు. రెండు కార్ల మధ్య లీటరుకు రెండు కిలోమీటర్ల తేడా కనిపిస్తే చాలు, ఇల్లంతా రెండు పార్టీలుగా చీలిపోవాలి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఆ తేడా ఎంతో లెక్క కట్టొద్దు. కడితే ఏడాదికి 23 లీటర్లు తేలుతుంది. లీటరు 107 రూపాయలు వేసుకున్నా రెండున్నర వేలకు లోపే, అంటే నెలకు రెండొందల చిల్లర. దీనికోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారంటే వినడానికి బాగుండదు.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లండి. పొద్దున చల్లటి వేళ, ఏసీ కట్టేసి, నున్నటి హైవే మీద రెండు కిలోమీటర్లు పోయి రండి. ఐదుగురిని ఎక్కించి, మిట్ట మధ్యాహ్నం ఏసీ వేసి, ఫ్లైఓవర్ ఎక్కించి చూస్తే లీటరు ఇంజను ఎంత ఆయాసపడుతుందో తెలిసిపోతుంది. కొనకముందే అది తెలిస్తే బాధ.

ధర దగ్గర మూడూళ్లూ తిరగండి. సూర్యాపేటలో ఒక కొటేషన్, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో మరొకటి తీసుకుని, మూడింటి కింద ఉన్న మొత్తాన్ని మాత్రమే పక్కపక్కన పెట్టండి. పైన విడివిడిగా ఏముందో చదవకండి. ఒకే మోడలుకు షోరూమ్ ధర రాష్ట్రమంతా దాదాపు ఒకటే, జీవిత పన్ను ఎక్కడైనా ఒకటే. తేడా వచ్చేది ఇన్సూరెన్సులో, సీటు కవర్లూ మడ్ ఫ్లాపులూ కలిపిన ‘కిట్’లో, హ్యాండ్లింగ్ చార్జీల పేరుతో రాసిన గీతలో. ఇన్సూరెన్సు బయట ఎక్కడైనా చేయించుకోవచ్చన్న సంగతి షోరూమ్‌లో ఎత్తితే సేల్స్‌మన్ ముఖంలో నవ్వు మాయమవుతుంది. అంత మంచి కుర్రవాణ్ణి బాధపెట్టడం మన సంస్కారమా? పాత కారు మీద సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ బండితో పోదనీ, మనిషితోనే వస్తుందనీ కూడా చెప్పకండి. అది 50 శాతం దాకా ఉంటుంది మరి.

పన్ను మెట్లు ఎక్కడం ఇంకో ముచ్చట. తెలంగాణలో ఐదు లక్షల లోపు బండికి జీవిత పన్ను 13 శాతం, ఐదు దాటితే 14. మీరు చూసిన బండి 4.99 లక్షలు అయితే పన్ను 64,870 రూపాయలు. రెండు వేలు ఎక్కువున్న రకానికి మారితే పన్ను 70,140. రెండు వేల సోకుకు ఐదు వేల పైచిలుకు పన్ను అదనం. దీన్నే మనవాళ్లు ‘ఇంత పెట్టినోళ్లం ఇంకింత పెట్టలేమా’ అంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, ఆల్టో మొదటి రకం షోరూమ్ ధర 3.69 లక్షలకు వచ్చింది. తగ్గిన డబ్బును అలాగే మిగుల్చుకునే పిసినారితనం మనకొద్దు, సన్‌రూఫ్ ఉన్న దాకా పైకి పోదాం. మే నెల సూర్యాపేటలో నడినెత్తిన అద్దం ఉన్న కారు ఎంత చల్లగా ఉంటుందో ఊహించుకోండి.

కోదాడవాళ్లకు ప్రత్యేక సదుపాయం ఒకటుంది. సరిహద్దు పక్కనే గదా, జగ్గయ్యపేటలో మేనమామ అడ్రసు మీద ఆంధ్ర నంబరు తీసుకోండి. ఏడాదికి మించి ఇక్కడే తిప్పితే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి అన్న చట్టం ఉంటే ఉండనీ. తనిఖీలో ఆపినప్పుడల్లా మేనమామకు ఫోన్ చేయొచ్చు. బంధుత్వాలు బలపడతాయి.

అప్పు తీసుకునేటప్పుడు నెల వాయిదా ఎంతో తప్ప ఇంకేమీ అడగొద్దు. నాలుగు లక్షలకు 10 శాతం తగ్గే వడ్డీ అయితే మూడేళ్లలో మొత్తం వడ్డీ 65 వేల లోపు, ఐదేళ్లకు లక్షా పదివేలు, ఏడేళ్లకు లక్షా యాభై ఎనిమిది వేలు. కానీ ఏడేళ్ల వాయిదా 6,640 రూపాయలేనని వింటే ఎంత హాయి! ఇంకా హాయి కావాలంటే ఫ్లాట్ వడ్డీ ఇచ్చే ఫైనాన్సు దగ్గరికి పొండి. “నూటికి 83 పైసలే అన్నా, ఊళ్లో రెండు రూపాయలు నడుస్తుంది” అంటాడు. ఐదేళ్లూ అసలు మొత్తం మీదే ఆ 83 పైసలు కట్టుకుంటూ పోతే నిజంగా పడేది నూటికి నెలకు రూపాయి నలభై నాలుగు పైసలు, అంటే ఏడాదికి 17 శాతం పైనే. వడ్లు అమ్మి ఆర్నెల్లకోసారి డబ్బు చూసే రైతు నెలనెలా వాయిదా ఎక్కడి నుంచి తెస్తాడన్న ఆలోచన సంతకాలయ్యాక చేసుకోవచ్చు.

గట్టితనం పరీక్షించే పద్ధతి మనకు తరతరాలుగా వస్తున్నదే. బానెట్ మీద వేలి కణుపుతో కొట్టి, “రేకు మందంగానే ఉంది” అనండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండిని గుద్దించి నక్షత్రాలు ఇస్తారు. 2020లో టియాగోకు పెద్దల రక్షణలో నాలుగు నక్షత్రాలు, ఎస్‌ప్రెస్సోకు సున్న. 2023లో ఆల్టో కె10కి రెండు, వ్యాగనార్‌కు ఒకటి, పిల్లల రక్షణలో ఆ రెంటికీ సున్న. అప్పటి ఆ రెండు బండ్లలో ఎయిర్‌బ్యాగులు రెండే. 2025లో ఆల్టోకు అన్ని రకాల్లోనూ ఆరు పెట్టారు. 2023 అక్టోబర్ నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ అని సొంత పరీక్ష వచ్చింది. ఇవన్నీ ఫోన్‌లో రెండు నిమిషాల్లో దొరుకుతాయి కాబట్టి చూడకండి.

మన రోడ్ల మీద గుద్దుకోవడానికి ఏముంది? 65వ నంబరు హైవే మీద రాత్రంతా బెజవాడ బస్సులు. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే దారిలో సిమెంటు లారీలు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చీకటి పడగానే నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. హెడ్‌లైట్ వెలుగులో ఆ నలుపు తారులో కలిసిపోతుంది, కుప్ప మీదికొచ్చాక గానీ కనబడదు. వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి జరిమానా. జరిమానా సంగతి అటుంచి, బెల్టు పెట్టుకుంటే ముగ్గురే పడతారు. మనమేమో పెద్దగట్టు జాతరకు ఏడుగురం, గంప, ఒక సౌండు బాక్సుతో పోవాల్సినవాళ్లం. పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే గాలి బాగా తగులుతుంది. ఎదురుగా ఎయిర్‌బ్యాగు ఉంటుందన్నారంటే, ఉంటే మంచిదే గదా అనండి.

సెకండ్ హ్యాండ్ వైపు మనసు మళ్లితే పని ఇంకా తేలిక. ఇక్కడ మెకానిక్‌ను వెంట తీసుకుపోవడం ఒక్కటి మానుకుంటే చాలు, మిగతా అన్నీ వాటంతటవే జరుగుతాయి. షెవర్లే బీట్, ఫోర్డ్ ఫీగో, డాట్సన్ రెడీగో చవకగా దొరుకుతున్నాయా, వెంటనే బయానా ఇచ్చేయండి. షెవర్లే 2017తో ఇక్కడ అమ్మకాలు ఆపిందనీ, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించిందనీ, డాట్సన్ 2022లో వెళ్లిపోయిందనీ తెలిస్తే ధర ఇంకా దించమని అడగాలనిపిస్తుంది. బంపర్ పగిలితే స్పేర్ కోసం హైదరాబాద్ ఆటోనగర్ చూసొచ్చినట్టూ ఉంటుంది.

నీళ్లలో మునిగిన బండి గురించి ఎవరేం చెప్పినా వినకండి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానకు కోదాడ వీధుల్లోనే కార్లు కొట్టుకుపోయాయి, అవతల విజయవాడ సింగ్‌నగర్‌లో బుడమేరు నీళ్లలో వేల బండ్లు మునిగాయి. బాగుచేయడం దండగని బీమా కంపెనీ తేల్చిన బండ్లు స్క్రాపు ధరకు చేతులు మారి, కడిగించుకుని, కొత్త సీటు కవర్లు తొడుక్కుని మళ్లీ రోడ్డెక్కడం ఈ వ్యాపారంలో మామూలే. లోపల అగరుబత్తి వాసన ఘాటుగా వస్తోందా? అమ్మేవాడు భక్తిపరుడు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి బురద గీత ఉందేమో చూడడం, స్టెప్నీ తీసి కింద గుంటలో మట్టి వెతకడం, సీటు పట్టాల బోల్టుల తుప్పు గీకడం, హెడ్‌లైటు గాజు లోపల చెమ్మ చూడడం మర్యాదస్తుల పని కాదు. చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు సెంటరులో పాత చరిత్ర తీయించమని అడగడం మరీ అవమానం. ఎనిమిదేళ్ల బండికి మీటరు 32 వేలు చూపిస్తుంటే, “డాక్టరు గారి బండి, ఆదివారం మాత్రమే తీసేవారు” అన్న మాట నమ్మండి. ఎక్సెలరేటర్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉందంటే, ఆదివారాలు గట్టిగా తొక్కేవారన్నమాట.

చివరగా ఆర్‌సీ. ఫామ్ 29, ఫామ్ 30 మీద సంతకాలు తీసుకుని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద నాలుగు ముక్కలు రాయించుకుని బీరువాలో పెట్టేయండి. పేరు మార్పిడికి తొందరేముంది? మీ పాత బండి అమ్మినప్పుడూ ఇదే సూత్రం. పేరు మారకుండానే కొన్నవాడు దాన్ని ఇంకొకడికి అమ్ముతాడు, ఆ ఇంకొకడు ఎవరినో గుద్దుతాడు, నోటీసు మీ ఇంటికొస్తుంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, నష్టపరిహారం బాధ్యతా వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది.

ఇంత చెప్పినా మా మాట కాదని, ఎం పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూసుకుని, మెకానిక్‌ను వెంటబెట్టుకునే పోతామంటారా? పొండి. ఆయన కూలి ఎంతో మాత్రం బయల్దేరకముందే మాట్లాడుకోండి.