పీకరు, పీకనివ్వరు

అమెరికా నుంచి సెలవులకొచ్చే మనవాళ్లు రెండు పెద్ద సూట్‌కేసులతో పాటు నోట్లో నాలుగు పుచ్చుపళ్లు కూడా మోసుకొస్తారు. శంషాబాద్‌లో దిగిన మర్నాడే కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో పళ్ల డాక్టరు దగ్గర హాజరు. రూట్ కెనాలూ క్యాపూ అయ్యాకే పెద్దమ్మ ఇంటికి భోజనానికి వెళ్లడం. అక్కడి బిల్లుతో పోలిస్తే విమానం టికెట్టు గిట్టుబాటయిందని లెక్కలు కూడా చెబుతారు. చంద్రుడి మీద మనిషిని దింపిన దేశంలో పంటినొప్పికి మందు హైదరాబాద్ టికెట్టు! మరి టికెట్టు కొనలేనివాళ్ల మాటేమిటంటారా? వాళ్ల కోసం ఆ దేశపు దంతవైద్యుల సంఘం పడిన బెంగ గురించి చెప్పుకుని తీరాలి.

2007 ఫిబ్రవరిలో మేరీల్యాండ్‌లో డియామాంటే డ్రైవర్ అనే 12 ఏళ్ల పిల్లవాడు చనిపోయాడు. రోగమేమిటయ్యా అంటే పుచ్చిన పన్ను. అందులోని చీము మెదడుకు పాకింది. 80 డాలర్లు పెట్టి ఆ పన్ను పీకించి ఉంటే సరిపోయేది. మెదడుకు రెండు ఆపరేషన్లు చేసి, ఆస్పత్రి ఖర్చు రెండున్నర లక్షల డాలర్ల దాకా వెళ్లినా పిల్లవాడు దక్కలేదు. పేదల బీమా మెడికెయిడ్ తీసుకునే పళ్ల డాక్టరు దొరకడం ఆ ఇంటికి గగనమైంది. ఇలాంటి చోట 'మా చేతులు చాలడం లేదు, ఇంకొందరు సాయం పట్టండి' అని సంఘం పిలుపునిస్తుందని మీరూ నేనూ అనుకుంటాం. సంఘానికి తీరికేదీ? సరిగ్గా అప్పుడు అది సాయం పట్టినవాళ్ల మీద అలాస్కా కోర్టులో కేసు నడుపుకుంటోంది.

అలాస్కాలో మూలవాసుల పల్లెలు చాలావాటికి రోడ్డే లేదు. చిన్న విమానంలోనో, పడవలోనో, మంచుబండి మీదో చేరాలి. పళ్ల డాక్టరు ఏడాదికో రెండుసార్లు వచ్చిపోతే అదృష్టం. ఆ కాస్త వ్యవధిలో పిల్లల నోట్లో పీకగలిగినన్ని పీకి, బ్యాగు సర్దుకుని వెళ్లిపోయేవాడు. చూసి చూసి విసిగిన అక్కడి గిరిజన ఆరోగ్య సంస్థ 2003లో తమ బిడ్డల్నే కొందరిని ఎంచి న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి పంపింది. అంత దూరమెందుకంటే, అమెరికాలో అప్పటికి ఆ చదువే లేదు. న్యూజిలాండ్ మాత్రం 1921 నుంచీ బడిపిల్లల పళ్లు చూసే నర్సుల్ని తయారుచేస్తూ వచ్చింది. రెండేళ్లలో పుచ్చు తీసి నింపడం, పన్ను పీకడం, చిగుళ్లు శుభ్రం చేయడం నేర్చుకుని వాళ్లు డెంటల్ థెరపిస్టులుగా తిరిగొచ్చారు. సొంత ఊళ్లలోనే పని మొదలుపెట్టారు. పర్యవేక్షించే డాక్టరు ఎక్కడో పట్నంలో ఉంటాడు. అనుమానమొస్తే ఫొటోలు, ఎక్స్‌రేలు పంపి అడుగుతారు.

2006లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్, అలాస్కా డెంటల్ సొసైటీ కలిసి కోర్టుకెక్కాయి. ఎందుకనుకున్నారు? రోగుల భద్రత కోసం! ఆ మాట వినగానే మన కళ్లు చెమర్చాలి. పాపం ఆ పల్లెవాళ్లకు రెండో తరగతి వైద్యం అంటగడుతున్నారని సంఘం తల్లడిల్లిపోయింది. ఒకటో తరగతి వైద్యం ఎక్కడుందయ్యా అంటే వందల కిలోమీటర్ల అవతల యాంకరేజ్‌లో, హీటరు వేసిన గదిలో భద్రంగా ఉంది. అది పల్లెకు రాదు. పల్లె దాని దగ్గరికి పోలేదు. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నారు మన పెద్దలు. ఈ అమ్మ ఒకాకు ఎక్కువే చదివింది, లాయర్ని పెట్టి మరీ తిననివ్వనంది.

2007లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 2010లో బయటి పరిశోధకులు వెళ్లి చూసి, ఈ థెరపిస్టుల పని సురక్షితంగా, నేర్పుగా ఉందని తేల్చారు. కోర్టులో ఓడాక ఊరుకుంటే సంఘమెందుకవుతుంది? 2010లోనే అమెరికా పార్లమెంటు చేసిన ఆరోగ్య చట్టంలో ఓ మెలిక వచ్చి కూర్చుంది: అలాస్కా బయటి తెగలు కేంద్ర ఆరోగ్య పథకం కింద ఇలాంటి థెరపిస్టుల్ని పెట్టుకోవాలంటే వాళ్ల రాష్ట్ర చట్టం సరేననాలి. మిన్నెసోటా 2009లోనే వాళ్లను అనుమతించి ముందడుగు వేసింది గానీ, చాలా రాష్ట్రాలు నోరు మెదపలేదు. చివరికి వాషింగ్టన్ రాష్ట్రంలోని స్వినోమిష్ తెగ 2016లో 'మీ అనుమతి మాకెందుకు' అని తమ క్లినిక్‌లో థెరపిస్టును కూర్చోబెట్టేసింది. ఆకాశం విరిగిపడలేదు.

కాలిఫోర్నియాది ఇంకో దారి. డాక్టరు క్లినిక్‌లోనే ఉంటాడు. పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టు బడికో వృద్ధాశ్రమానికో వెళ్లి ఫొటోలు, ఎక్స్‌రేలు తీసి పంపుతుంది. డాక్టరు తీరిక చూసుకుని చూస్తాడు. చిన్న పుచ్చయితే తాత్కాలికంగా నింపే పని ఆమే చేసేస్తుంది. దీనికోసం 2014లో చట్టం మార్చారు, ప్రభుత్వ బీమా నుంచి డబ్బు ఇప్పించారు. గమనించారా? కెమెరాతో పాటు మనిషినీ పంపారు. మన పాలకులకు కెమెరా మీద ఉన్న మోజు మనిషి మీద ఉండదు. కెమెరా జీతమడగదు, బదిలీ అడగదు, ధర్నాకు కూర్చోదు. 2019 నుంచీ మనకు తెర మీద డాక్టరును చూపించే ఈ-సంజీవని ఉంది. దగ్గుకీ జ్వరానికీ బాగానే పనికొస్తోంది. పన్ను దగ్గరికొచ్చేసరికి స్క్రీన్‌లోంచి చెయ్యి బయటికి రాదు. యాప్ ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అమెరికాను చూసి నవ్వుకోవడం మానేద్దాం. మన దేశంలో డెంటల్ కాలేజీలు 300 దాటాయి. వాటిలో బీడీఎస్ చదివిన పిల్లలు కొందరు అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని, అమెరికా ఆస్పత్రుల బిల్లులకు కోడ్లు వేస్తున్నారు. పళ్లు అక్కణ్నుంచి ఇక్కడికొస్తాయి, పళ్లు చూడాల్సినవాళ్ల చేతులు ఇక్కణ్నుంచే అక్కడి బిల్లులు రాస్తాయి. మధ్యలో పల్లెటూరి మనిషి ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పిబిళ్ల మింగి, లవంగం నమిలి పడుకుంటాడు.

పోనీ, డాక్టరు కాని మనిషికి చట్టంలో చోటు లేదా? 1948 నాటి డెంటిస్టుల చట్టంలోనే డెంటల్ హైజీనిస్టు అనే మనిషి ఉన్నాడు. గార తీసి, పళ్లు శుభ్రం చేసి, శుభ్రత నేర్పేవాడని నిర్వచనం కూడా రాశారు. రాసి 75 ఏళ్లు దాటింది. 2023లో దాని స్థానంలో కొత్త చట్టం కూడా చేశారు. మీ మండలంలో డెంటల్ హైజీనిస్టు ఎవరైనా కనబడ్డారా? గెజిట్‌లో తప్ప నాకైతే కనబడలేదు.

శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారు. అంగిలి కాలి, తెల్లబారి, కొందరికి క్యాన్సరు దాకా పోతుందని వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. ఆ అంగిలి మీద మచ్చ పసిగట్టడానికి ఎండీఎస్ అక్కర్లేదు. టార్చిలైటు, ఫోను, 'మామ్మా, ఓసారి నోరు తియ్యి' అని చనువుగా అడిగే శిక్షణ పొందిన ఊరి మనిషి ఉంటే చాలు. ఫొటో చూసి చెప్పడానికి విశాఖలో డాక్టర్లున్నారు. లేనిదల్లా ఆ ఊరి మనిషికిచ్చే జీతం. ఆ పని కూడా ఆశా కార్యకర్త నెత్తినే వేసి, ఆమె ఫోనులో ఇంకో యాప్ ఎక్కిస్తామంటారేమో, ఆ పుణ్యం కట్టుకోకండి.

రేపు ఇలాంటి ప్రతిపాదన ఏదైనా వస్తే 'రోగి భద్రత' అంటూ లేచే పెద్దలు ఎలాగూ ఉంటారు. వారికి ఒక్కటే విన్నపం: అభ్యంతర పత్రం చివర, మీరు ఏ పల్లెలో, వారానికి ఎన్ని రోజులు కూర్చుంటారో కూడా రాసి సంతకం పెట్టండి.