చోక్ చేసే పని స్క్రూతోనా?

మా రోజుల్లో డిసెంబరు తెల్లవారుజామున బుల్లెట్ తీయాలంటే దానికో వరస ఉండేది. పెట్రోలు కాక్ తిప్పి, చోక్ లివర్ వేసి, కిక్కర్‌ను మెల్లగా తొక్కుతూ అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసేవాళ్లం. డీకంప్రెసర్ నొక్కి కిక్కర్‌ను కాస్త దాటించి, అప్పుడు ఒక్క తన్ను. యాక్సిలరేటర్ జోలికి వెళ్లేవాళ్లం కాదు.

చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఇంజనులోకి వెళ్లే దారి గోడలకే తడిగా అంటుకుపోతుంది. లెక్క ప్రకారం గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి సరిపోవాలి. చల్లటి ఇంజనుకు అంతకంటే చిక్కటి మిశ్రమం కావాలి. ఆ కాసేపటి అవసరానికే చోక్ పెట్టారు. ఇంజను కుదురుకోగానే తీసేయాలి.

ఇప్పుడో? పొద్దున్నే బండి స్టార్ట్ కావట్లేదని తీసుకెళ్తే, ఆ చల్లటి ఇంజను మీదే స్క్రూడ్రైవరు పెడతారు! పెట్రోలు పెంచి, స్లో పెంచి, రెండు రేసులిచ్చి అయిపోయింది పొమ్మంటారు. చోక్ కేబుల్ పనిచేస్తోందో లేదో చూసే ఓపిక ఎవరికీ లేదు. ఇంజను వేడెక్కాక ఆ మిశ్రమమే ఎక్కువైపోతుంది. ప్లగ్ మసిపడుతుంది, మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోలు సిలిండరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ట్యూనింగ్ వేడి ఇంజను మీదే చేయాలి. నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకొచ్చి, చోక్ పూర్తిగా తీసేసి, స్లో కొంచెం పెంచి, కార్బురేటర్ మీది మిశ్రమం స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ చప్పుడు వినాలి. ఇంజను అన్నిటికన్నా చురుగ్గా తిరిగే చోట ఆపి, స్లో తగ్గించాలి. ఆ స్క్రూ ఎటువైపుందో కూడా చూసుకోవాలి. ఫిల్టరు వైపుంటే అది గాలి స్క్రూ, బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను వైపుంటే వదులు చేస్తే చిక్కబడుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పేవాళ్లే ఎక్కువయ్యారు. కొన్నాళ్లు నడిపాక ప్లగ్ తీసి చూస్తే కాఫీ రంగులో ఉండాలి. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే. సెన్సర్ ఇంజను వేడి చూసి చెబుతుంది, ఆ ప్రకారం పెట్రోలు పోస్తుంది కంప్యూటరు. బాగానే చేస్తుంది, కాదనను. కానీ బటన్ నొక్కిన మరుక్షణమే గొంతు చించుకునేలా రేసు చేసే కుర్రాళ్లను చూస్తే మనసు ఊరుకోదు. ఆయిల్ ఇంకా పైకి ఎక్కలేదురా నాయనా! అరనిమిషం ఆగి, మొదటి కిలోమీటరు నెమ్మదిగా పోనిస్తే ఏం పోయింది?

కార్బురేటర్ బళ్లు ఇంకా మన రోడ్ల మీద బోలెడున్నాయి. మీ బండి చక్కగా నడుస్తున్నప్పుడే ఆ స్క్రూను సుతారంగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, మళ్లీ అన్నే చుట్లు వదలండి. గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది. ఆ లెక్క ఆర్సీ కవరులో రాసి పెట్టుకోండి. ఎవరైనా కెలికినా మీరే సరిచేసుకోవచ్చు.