పేరు అద్దెకివ్వబడును

ఫ్యాషన్ కంపెనీల్లో పెద్ద కుర్చీ ఎక్కిన దొరల పరిచయ పత్రాలు చదవడం నాకో వ్యసనం. అన్నీ ఒకే అచ్చు. వస్త్ర వ్యాపారంలో పాతికేళ్ల అనుభవం, ఖండాంతరాల్లో లైసెన్సు ఒప్పందాలు, బ్రాండు వారసత్వాన్ని కొత్త తరానికి అందించిన దార్శనికుడు. ఇన్నేళ్లలో ఒక్క చొక్కాకైనా గుండీ కుట్టించాడా అని మాత్రం అడక్కండి. చొక్కా ఆయన శాఖ కాదు, ఆయనది పేర్ల శాఖ.

ఈ శాఖలో పేరు ఒకరిది. గుడ్డ కొనేది, కుట్టించేది, గోదాములో దాచేది, అమ్ముడుపోకపోతే డిస్కౌంటు బోర్డు పెట్టి వదిలించుకునేది ఇంకొకరు. అమ్మకాల మీద ఇంత శాతమని పేరుగలాయనకు రాయల్టీ ముట్టాలి. సరుకు కదలకపోయినా కనీస రాయల్టీ అని ఒకటుంటుంది, అది కట్టి తీరాలి. మన కౌలు రైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. పంట పోతుంది గానీ కౌలు పోదు. కాకపోతే ఇక్కడ భూస్వామిని దార్శనికుడంటారు.

ఈ విద్యకు ఆదిగురువు పారిస్‌లో వెలిగిన డిజైనర్ పియరీ కార్డిన్. టైలు, సెంట్లు, సిగరెట్లు, ఆఖరికి తాగే నీళ్లు... వందల సరుకుల మీద ఆయన పేరు పడింది. మన ఊళ్లో పదవీ విరమణ సభలో శాలువాతో పాటు చేతిలో పెట్టే పియరీ కార్డిన్ పెన్ను ఉందే, అది విమానం దిగి వచ్చింది కాదు. లైసెన్సు మీద దాన్ని ఇక్కడే తయారుచేసేది ముంబై కంపెనీ ఫ్లెయిర్. పెన్ను బాగానే రాస్తుంది, ఆ మాటకొస్తే. 2011లో కార్డిన్ తన వ్యాపారం మొత్తానికి 100 కోట్ల యూరోలు చెప్పాడు. 2020లో, 98వ ఏట కన్నుమూసేదాకా ఆ బేరం తెగలేదు.

అమెరికా డిజైనర్ హాల్‌స్టన్‌ది ఇంకో కథ. 1973లో పేరుతో సహా కంపెనీని అమ్మేశాడు. ఆ తర్వాత కంపెనీ చేతులు మారుతూ పోయింది. 1990లో చనిపోయేనాటికి ఆయన బట్టలు కుడితే వాటి మీద సొంత పేరు వేసుకునే హక్కు ఆయనకే లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఇప్పుడు రాజ్యం అథెంటిక్ బ్రాండ్స్ గ్రూప్ లాంటి వాళ్లది. న్యూయార్క్‌లో 2010లో పుట్టిన ఈ సంస్థ ఎల్విస్ ప్రెస్లీ, మార్లిన్ మన్రో పేర్లను కూడా కొనిపెట్టుకుంది. తెలివైన పని. పోయినవాళ్లు సెలవడగరు, జీతం పెంచమనరు. అడిడాస్ వదిలించుకున్న రీబాక్ కూడా 2022లో వీళ్ల గూటికే చేరింది. మన దేశంలో రీబాక్ అమ్మే హక్కు ఆదిత్య బిర్లా వాళ్లు తీసుకున్నారు.

బట్టల దుకాణాల బ్రాండు ఫరెవర్ 21 సంగతి చూడండి. 2019లో ఒకసారి దివాలా తీస్తే, మరుసటి ఏడు అథెంటిక్ మరో ఇద్దరితో కలిసి దాన్ని కొంది. 2025 మార్చిలో అమెరికాలో ఆ దుకాణాలు నడిపే సంస్థ మళ్లీ దివాలా తీసింది. వందల దుకాణాలకు తాళం పడింది, కౌంటరు దగ్గర నిలబడ్డ పిల్లలు ఇంటిదారి పట్టారు. పేరుకు మాత్రం చీమైనా కుట్టలేదు. అది అథెంటిక్ బీరువాలో భద్రంగా ఉంది, ఇంకో కౌలుదారు దొరికేదాకా. ఈ మొత్తం వ్యవహారం రేపు ఎవరో ఒకరి పరిచయ పత్రంలో సంక్లిష్ట పరిస్థితుల్లో బ్రాండును కాపాడిన ఘనతగా ఎక్కకపోతే చూడండి.

ఈ దార్శనికులకు ఒక మనవి. పోచంపల్లి వైపు వస్తే చీరలు కొనుక్కోండి, పేరు మీద మాత్రం కన్నేయకండి. భౌగోళిక గుర్తింపు పొందిన పేరును లైసెన్సుకివ్వడం, బదిలీ చేయడం, తాకట్టు పెట్టడం కుదరదని 1999 నాటి చట్టంలో 24వ సెక్షన్ చెబుతోంది. ఆ పేరు కావాలంటే నూలుకు ముడులు కట్టాలి, రంగుల్లో ముంచాలి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. మీ పాతికేళ్ల అనుభవం అక్కడ పనికిరాదు.