రెండో గాలం కర్ర

గోరంట్లలో గాలం కర్ర ఉన్నవాణ్ని జనం వింతగా చూస్తారు. రెండోది కొంటానంటే జాలిగా చూస్తారు. ఏడాదికి అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మాది, అదీ మేఘానికి బుద్ధి పుడితే. చిత్రావతి నంది కొండల్లో పుట్టి, బాగేపల్లి దాటి మా దాకా వస్తుంది గానీ, చాలా ఏళ్లు ఇసుకే వస్తుంది, నీళ్లు రావు.

ఈ రెండో కర్ర పురుగు నాకెక్కించినవాడు డల్లాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు. శనివారమొస్తే లేక్ ఫోర్క్‌లో బాస్ చేపలకు పోతాడు. "ఒక్క రాడ్డుతో ఏం చేస్తావన్నా? నావి ఏడు" అంటాడు ఫోన్లో. ఒక్కో ఎరకు ఒక్కో రాడ్డంట! మా ఇంట్లో పప్పుకూ పులుసుకూ కలిపి ఒకటే గంటె.

వాడికి నేను చెప్పని సంగతి ఒకటుంది. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు 22 పౌన్ల 4 ఔన్సుల రికార్డు బాస్ పట్టాడు, అంటే పది కిలోలు. ఆ రోజు అతనికీ స్నేహితుడికీ కలిపి ఉన్నది ఒకే రాడ్డు, ఒకే ఎర, వంతులేసుకొని విసిరారు. చేపను ఇంటికి తీసుకుపోయి వండుకొని తిన్నారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిత ఇంచుమించు అంతే బరువున్న చేపను పట్టి రికార్డులో సగం పంచుకున్నాడు గానీ, పెర్రీ సగం ఇప్పటికీ పెర్రీదే. ఈ కథ మా ఇంటావిడ చెవిన పడకుండా జాగ్రత్తగా కాపాడుకుంటున్నాను. పడితే రెండో రాడ్డు కథ అక్కడికి సరి.

మన చెరువుల్లో బాస్ లేదు. దాని బుద్ధులన్నీ ఉన్న కొర్రమీను ఉంది. నాచు కింద నక్కి, పైన కప్ప కదిలితే ఎగిరి మింగుతుంది. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా చేసుకుంది గానీ, నన్నడిగితే అది అనంతపురానికి పుట్టిన చేప. పైకొచ్చి గాలి పీలుస్తుంది, నీళ్లు ఇంకితే బురదలో దాక్కొని వానకోసం కాచుకుంటుంది. మా రైతులు చేసేదీ అదే.

నా మొదటి కర్రకున్నది స్పిన్నింగ్ రీలు, 2500 సైజు. తేలిక ఎరను దూరం విసరడానికి మంచిది, చెరువు నిండినప్పుడు జిలేబి చేపలకు సరిపోతుంది. కానీ మా చెరువుల్లో ముందు కంప చెట్లు మొలుస్తాయి, తరువాత నీళ్లొస్తాయి. హంద్రీ-నీవా కాలువ పుణ్యమా అని కృష్ణ నీళ్లొచ్చినా, గట్టి వాన పడినా, చేప ఉండేది ఆ మునిగిన కంపలోనే. సన్న దారంతో దాన్ని బయటికి లాగడం కలలో మాట. అందుకు బెయిట్‌కాస్టర్ రీలు కావాలి: గట్టి ఏడడుగుల రాడ్డు, యాభై పౌన్ల అల్లిక దారం, ముళ్లు వీపుకు అణిగి ఉండే రబ్బరు కప్ప. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే రీలు ఏడు చుట్లు తిరగాలి, చేప మళ్లీ కంపలో దూరకముందే ఒడ్డుకు రావాలి కదా. ఎర్రటి పిల్లల గుంపును కాచుకొని తిరిగే కొర్రమీను జోలికి మాత్రం నేను పోను. కాపలా కాసేవాణ్ని పట్టుకుపోతే పిల్లల్ని మిగతా చేపలు నమిలేస్తాయి.

బెంగళూరు దుకాణంలో కుర్రాడు అడిగాడు: "ఏ నీళ్లలో వాడతారు సార్?"

"వచ్చిన నీళ్లలో" అన్నాను.

కొనుక్కొచ్చిన బెయిట్‌కాస్టర్‌తో చిక్కేమిటంటే, రీలే గిర్రున తిరుగుతుంది. ఎర గాలిలో నెమ్మదించినా రీలు నెమ్మదించదు. బొటనవేలితో సమయానికి ఆపకపోతే దారమంతా పిచ్చుకగూడు. ఈ జాతి రీళ్లను రెండు వందల ఏళ్ల కిందట కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు మొదలుపెట్టాడు. ఓపిక వాళ్ల కులవిద్య. ఆ తరువాత 1905లో ఇంగ్లండులో ఉన్ని మిల్లు యజమాని ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అసలు తిరగని రీలును పేటెంటు చేశాడు. మిల్లులో నిలబెట్టిన బాబిన్ కొననుంచి నూలు జారినట్టే దారం జారిపోతుంది. నా మొదటి కర్రమీదిది ఆ వంశమే.

నీళ్లు లేవు కాబట్టి ఎండిన చెరువులోనే విసరడం నేర్చుకుంటున్నాను. గొర్రెల కాపరి ఒకాయన చాలాసేపు చూసి, "సామీ, మందకు తగిలితే నువ్వే కొనుక్కోవాల" అని, మందను అటు తోలుకుపోయాడు.

పడ్డ చిక్కును మా పక్కింటి మగ్గమాయన దగ్గరికి తీసుకుపోయాను. పట్టు పోగుల చిక్కు తీసే చేతులు. మాట్లాడుతూ మాట్లాడుతూ తీసేశాడు. విప్పలేని ముక్క కొంత మిగిలింది. దాన్ని రెండు చేతులా లాగి చూశాడు.

"ఇదెంత బరువు మోస్తుందన్నా?"

"ఇరవై రెండు కిలోలు."

"పారేయొద్దు. నాడె లాగే తాడు వారానికోసారి తెగుతాంది" అన్నాడు.

అప్పట్నుంచి ఆ మగ్గం తాడు తెగలేదు. ఇంకెప్పుడు విసురుతావని ఆయనే అడుగుతున్నాడు, వాళ్లన్నకూ మగ్గముందంట.