మా బావమరిది నిత్యవాహనము

భార్యకు తమ్ముడు గల ప్రతి పురుషునకును ఏదో యొక శాస్త్రమున నిర్బంధవిద్యాభ్యాసము తప్పదు. కొందరి బావమరుదులు షేర్లను గూర్చి చెప్పుదురు, కొందరు ప్రకృతివైద్యమును గూర్చి చెప్పుదురు. డాలస్ నగరమునకు చేరువనున్న ప్లేనోలో సాఫ్ట్‌వేరు కొలువు చేయు మా బావమరిది టర్బోను గూర్చి చెప్పును. అతనిది 1990 నాటి మజ్దా మియాటా: రెండే సీట్లు, 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్. ఇరువదినాలుగేండ్లు దాటిన కార్లకు టెక్సాసులో పొగపరీక్ష లేదను ధర్మసూక్ష్మమును గ్రహించియే ఆ ముసలిబండిని వెదకి కొనినాడు. దానికి టర్బో పెట్టవలెను, పెట్టిన పిదప అది ప్రతిదినము ఆఫీసునకు పోయి రావలెను, నడిత్రోవలో నిలువరాదు. ఇదియే అతని సంకల్పము. పందెపురాయుళ్లనిన అతనికి ఏవగింపు. "బలం ఎవడైనా తెస్తాడు బావగారూ, రోజూ పొద్దున స్టార్టవడం గొప్ప" అనును.

వినుటకు ఈ మాట యెంత సాధువో, ఆచరణమున అంత భయంకరము. ఇంజను విడిచిన వేడిపొగచే ఒక చక్రమును నిమిషమునకు లక్ష చుట్లకు మించి త్రిప్పి, ఆ యిరుసుననే మరియొక కొననున్న చక్రముచే గాలిని లోనికి నొక్కించుటయే టర్బో చేయు పని. గాలి హెచ్చినచో పెట్రోలు హెచ్చును, పెట్రోలు హెచ్చినచో బలము హెచ్చును, బలముతో పాటు వేడియు హెచ్చును. ఆ వేడియే మావాని ఆజన్మశత్రువు. ఈ యింజను వంశము పూర్వము ముందుచక్రములను త్రిప్పు కార్లలో అడ్డముగా నుండెడిదనియు, మియాటాలో దానిని నిలువుగా నమర్చినప్పుడు నీరు ముందువైపున ప్రవేశించి ముందువైపుననే నిర్గమించునట్లు చేసిరనియు, తత్కారణమున వెనుకనున్న నాలుగవ సిలిండరు చల్లదనమునకు నోచుకొనలేదనియు, మా గృహప్రవేశపు పంక్తిలో పప్పు వడ్డించినది మొదలు మజ్జిగ వచ్చువరకు పురోహితునకు బోధించినాడు. ఆ నాలుగవ సిలిండరుపై గల కరుణలో నాలుగవ పాలైనను సొంత అక్కపై చూపియుండినచో, మా సామానులు మోయు దినమున వచ్చియుండెడివాడు.

టర్బోను పట్టియుంచు నట్లు వేడికి సడలునట. ఇంకనెల్ లోహపు స్టడ్లు తెప్పించినాడు, లాకు వాషర్లు వేసినాడు, అయినను విశ్వాసము కుదరలేదు. శనివారము మా అత్తగారు వేంకటేశ్వరునకు పిండిదీపము పెట్టు వేళకు సరిగా కారు క్రింద దూరి, టార్కు రెంచి టక్కుమనువరకు ఒక్కొక్క నట్టును పరామర్శించును. తీసివేసిన ఇంజను నూనెను సీసాలోనికి పట్టి ప్రయోగశాలకు పంపును. అందు ఇనుమెన్ని పాళ్లో, రాగి యెన్ని పాళ్లో వ్రాసి వచ్చిన నివేదికను భోజనవేళ బిగ్గరగా చదువును. అతని నెత్తురునందలి చక్కెరను పరీక్షింపించుకొమ్మని అతని భార్య యెంతకాలముగా వేడుకొనుచున్నదో!

ఇల్లు చేరిన వెంటనే ఇంజను ఆపడు. ఆపినచో వేడెక్కిన బేరింగునందు నూనె మాడి బొగ్గగునట. కావున వాకిట కారులోనే కొంతసేపు ధ్యాననిష్ఠలో నుండును; లోపల అన్నము చల్లారుచుండును. ఈ నియమమును నేనెంత పరిహసించితినో, ఈ నడుమ అంతగా ఆదరించుచున్నాను. నా క్యామ్రీకి టర్బో లేదు, అయినను ఇంటి ముందర దానిని ఆపక కొంచెము సేపు కూర్చుండుచున్నాను. మగవాడు కాస్త చల్లారి లోనికి పోవుట ఉభయతారకము.

ఇక అతని పురాణమున ప్రధానకథ 1962 నాటి ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్. టర్బోతో సామాన్యగృహస్థులకు అమ్మిన తొలి కార్లలో నది యొకటి. ఇంజనులో పెట్రోలు అకాలమున ప్రేలు నాకింగు కలుగకుండుటకై నీరును మిథనాలును కలిపిన ద్రవమును వేరొక తొట్టిలో పోయవలసియుండెను. కొన్నవారు పోయుట మరచిరి. తుదకు పెక్కు కార్లకు టర్బోలనే ఊడదీయవలసివచ్చినది. "మనిషి మరిచిపోతాడు బావగారూ, అది లెక్కలో వేసుకునే ఇంజను కట్టాలి" అని చెప్పునప్పుడు అతని కంఠము గద్గదమగును. ఈ మాట మాత్రము నాకు నిజముగా నచ్చినది.

ఇన్ని జాగ్రత్తల ఫలితముగా ఆ నిత్యవాహనము నిత్యము గరాజులోనే యుండును. అతడు నా కారులో ఆఫీసునకు వచ్చును. నూనె మార్చు గడువు దాటి యెంతకాలమైనదో నాకే తెలియని ఆ బండి ప్రతి ఉదయము తాళము త్రిప్పగనే లేచును. అది అతనికి మహావమానము. ప్రక్కసీటున కూర్చుండి చెవి రిక్కించి, "ఏదో బేరింగు మూలుగుతోంది" అని శాపము పెట్టుచుండును.

మొన్న నొక సాయంకాలము సర్వనట్లును బిగిసియుండగా నన్నెక్కించుకొనినాడు. మోకాళ్లు గడ్డమునకు ఆనునట్లు ముడుచుకొని కూర్చుంటిని. హైవే 75 నెక్కు ర్యాంపుమీద, మూడవ గేరులో, గాలిఒత్తిడి ముల్లు ఎనిమిది పౌండ్లను తాకినది. ఈలవంటి ధ్వని యొకటి లేచినది. తిరునాళ్లలో రంగులరాట్నమెక్కిన పిల్లవానివలె నేను బిగ్గరగా నవ్వితిని. అతడు నవ్వలేదు. తరువాతి ఎగ్జిటున దిగి కారు ప్రక్కకు తీసినాడు.

"ఏమోయ్, ఏమైంది?"

"మీరు నవ్వుతుంటే ఏదో టక్కుమంది బావగారూ. ఇంజను హెడ్డు విప్పి చూడాల్సిందే."

అది నా మోకాలని యెంత మొరపెట్టినను వినలేదు. మరునాటి సాయంకాలమునకు హెడ్డు బల్లమీద నుండెను.